స్టార్ట్ కాని శుక్రవారం

2024 జూలై 19. ఆషాఢ శుక్రవారం. మరో రెండు రోజుల్లో సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాలు. ఉదయం తొమ్మిదిన్నర దాటింది. రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్ల మీద నుంచి మెడలో ఐడీ కార్డులతో జనం దిగుతున్నారు. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో ముందొచ్చినవాళ్ళు లాగిన్ అయిపోయి మెయిల్స్ చూసుకుంటున్నారు. చేతిలో ఉన్న పని సాయంత్రానికల్లా తెమిల్చేస్తే వీకెండ్ హాయిగా గడిచిపోతుంది.

గడియారంలో 9 గంటల 39 నిమిషాలు. అమెరికా సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ ప్రపంచమంతటా ఉన్న తన కస్టమర్ల విండోస్ కంప్యూటర్లకు ఒక చిన్న ఫైల్ పంపింది. కొత్త దాడుల ఆనవాళ్ళు పసిగట్టడానికి తరచూ వచ్చే రకం ఫైలే. దాన్ని ఎవరూ డౌన్‌లోడ్ చేయలేదు, ఎవరూ ఓకే నొక్కలేదు. దానంతట అదే వచ్చింది. వచ్చిన చోట స్క్రీన్ నీలంగా మారిపోయింది.

“నా సిస్టమ్ పోయింది” అని ఒకరు అనేలోపే పక్క డెస్కు వాళ్ళదీ పోయింది. మెషీన్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. కంపెనీ గుర్తు కనిపిస్తుంది. చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి. లాగిన్ స్క్రీన్ వస్తుందనుకునే క్షణంలో మళ్ళీ అదే నీలం. మళ్ళీ రీస్టార్ట్. మళ్ళీ నీలం.

ఈ కథలో ఆఫీసుల పేర్లు, ఉద్యోగుల పేర్లు ఉండవు. ఆ రోజు సైబరాబాద్‌లో జరిగింది ఏ ఒక్కరి కథా కాదు. డెస్కుల దగ్గరి దృశ్యాలను, మాటలను ఆనాటి పని తీరును బట్టి తిరిగి అల్లాం. తేదీలు, సమయాలు, కారణాలు, మరమ్మతు మెట్లు మాత్రం నమోదైనవే.

డెబ్బై ఎనిమిది నిమిషాలు

తప్పు తెలుసుకున్న క్రౌడ్‌స్ట్రైక్ మన కాలమానం ప్రకారం 10 గంటల 57 నిమిషాలకు ఆ ఫైల్‌ను సరిచేసింది. అంటే అది తిరిగింది మొత్తం 78 నిమిషాలు. ఆ వ్యవధిలో కంప్యూటర్ ఆన్‌లో ఉండి, నెట్‌కు తగిలి ఉంటే దెబ్బ తగిలింది. ఆఫ్‌లో ఉంటే తప్పించుకుంది. న్యూయార్క్‌లో అప్పుడు అర్ధరాత్రి. హైదరాబాద్‌లో ఆఫీసు తెరిచే వేళ. అమెరికా షిఫ్టు ముగించుకుని ల్యాప్‌టాప్ మూసి నిద్రపోయినవాళ్ళు బయటపడ్డారు. పొద్దున్నే టైముకొచ్చి కూర్చున్నవాళ్ళు దొరికిపోయారు.

అసలు జరిగిందేమిటో ఆగస్టు 6న ఆ కంపెనీయే వివరంగా ప్రకటించింది. భద్రతా ప్రోగ్రామ్‌లో ఒక భాగం 21 విలువలు ఉంటాయని నిర్వచించింది. దానికి విలువలు అందించే కోడ్ ఇచ్చేది 20 మాత్రమే. అప్పటిదాకా వచ్చిన ఫైల్స్ ఏవీ ఆ ఇరవై ఒకటో విలువను అడగలేదు గనుక లోపం బయటపడలేదు. ఆ శుక్రవారం వచ్చిన ఫైల్ అడిగింది. లేని విలువ కోసం ప్రోగ్రామ్ తనది కాని మెమరీలోకి చెయ్యి పెట్టింది.

మామూలు ప్రోగ్రామ్ అలా చేస్తే విండోస్ దాన్నొక్కదాన్నే మూసేస్తుంది. ఇది మామూలుది కాదు. దాడులను అడ్డుకోవాలి కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలాంటి కెర్నెల్‌లోనే కూర్చుంటుంది, కంప్యూటర్ లేస్తున్నప్పుడే తానూ లేస్తుంది. అక్కడ తప్పు జరిగితే మొత్తం యంత్రాన్ని ఆపడం తప్ప విండోస్‌కు వేరే మార్గం లేదు. ఆగి లేచిన ప్రతిసారీ అదే డ్రైవర్ ముందుగా లేస్తుంది, అదే ఫైల్ చదువుతుంది, అక్కడే పడిపోతుంది.

పంపిన కంపెనీ ఫైల్‌ను సరిచేసినా, పడిపోయిన కంప్యూటర్లలో చాలావాటికి అందలేదు. సరిచేసిన ఫైల్ అందాలంటే యంత్రం లేచి నెట్‌కు తగలాలి. లేవాలంటే పాత ఫైల్ పోవాలి. ఒక మనిషి వెళ్ళి ఆ కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిందే.

శంషాబాద్‌లో పెన్నూ కాగితం

క్రౌడ్‌స్ట్రైక్ ఫైల్ రావడానికి కొద్ది గంటల ముందే అమెరికాలో మైక్రోసాఫ్ట్ అజూర్ క్లౌడ్‌లో వేరే అంతరాయం వచ్చింది. రెండూ కలిసిపోవడంతో ఏ సిస్టమ్ ఎందుకు ఆగిందో తొలి గంటల్లో ఎవరికీ అంతుపట్టలేదు. దేశంలోని ప్రధాన విమానాశ్రయాల్లో పలు ఎయిర్‌లైన్స్ చెక్-ఇన్ సిస్టమ్‌లు నిలిచిపోయాయి. శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో కౌంటర్ల ముందు క్యూలు పెరిగిపోయాయి. సిబ్బంది పెన్నులు తీశారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్తున్న ఒక ప్రయాణికుడికి ఇండిగో కౌంటర్‌లో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది. ఇండిగో ఒక్కటే దేశవ్యాప్తంగా దాదాపు 200 ఫ్లైట్లు రద్దు చేసింది.

పౌర విమానయాన మంత్రిగా అప్పటికి నెల రోజులు దాటిన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు ఎదుర్కొన్న తొలి పెద్ద పరీక్షల్లో ఇదొకటి. చిక్కుకుపోయిన ప్రయాణికులకు కుర్చీలు, నీళ్ళు, భోజనం చూడమని విమానాశ్రయాలకు, ఎయిర్‌లైన్స్‌కు ఆదేశాలు వెళ్ళాయి. మర్నాడు తెల్లవారుజామున 3 గంటల నుంచి సిస్టమ్‌లు మామూలుగా పనిచేస్తున్నాయని ఆయన ప్రకటించారు. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల, కంప్యూటర్లను తిరిగి ఆన్‌లైన్‌లోకి తేవడానికి క్రౌడ్‌స్ట్రైక్‌తో కలిసి పనిచేస్తున్నామని ఎక్స్‌లో తెలిపారు.

మన దేశపు సైబర్ అత్యవసర స్పందన సంస్థ సెర్ట్-ఇన్ ఆ రోజే హెచ్చరిక జారీ చేసింది. అందులో మరమ్మతు మెట్లు ఉన్నాయి. సేఫ్ మోడ్‌లోకో, రికవరీ స్క్రీన్‌లోకో వెళ్ళండి. డ్రైవర్ల ఫోల్డర్‌లో క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్ తెరవండి. 'సీ-00000291'తో మొదలయ్యే ఫైల్ తీసేయండి. రీస్టార్ట్ చేయండి.

చదవడానికి నాలుగు వాక్యాలు. అదే పని వందల మెషీన్ల మీద, ఒక్కొక్కటిగా, చేత్తో చేయాలి. అక్కడే మొదలైంది డెస్క్‌టాప్ సపోర్ట్ వాళ్ళ యుద్ధం.

నలభై ఎనిమిది అంకెలు

కొవిడ్ తర్వాత సైబరాబాద్ ల్యాప్‌టాప్‌లన్నీ సైబరాబాద్‌లోనే ఉండవు. కొన్ని గుంటూరులో, కొన్ని వరంగల్‌లో, కొన్ని విశాఖలో ఇంటి డైనింగ్ టేబుళ్ళ మీద ఉంటాయి. అలాంటి ఒక ఇంటికి సపోర్ట్ డెస్కు నుంచి ఫోన్ వెళ్ళింది.

“మేడమ్, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆఫ్ చేయండి. మళ్ళీ ఆన్ చేయండి.”

“పొద్దుటి నుంచి అదే చేస్తున్నానండీ. ఆన్ అవుతుంది, నీలం వస్తుంది, మళ్ళీ మొదటికే.”

“ఇంకోసారి చేయండి. వరసగా రెండుసార్లు లేవలేకపోతే అదే రికవరీ స్క్రీన్ చూపిస్తుంది. విండోస్ సరిగ్గా లోడ్ కాలేదని వస్తుంది చూడండి.”

“వచ్చింది.”

“అడ్వాన్స్‌డ్ రిపేర్ ఆప్షన్స్ నొక్కండి. తర్వాత ట్రబుల్‌షూట్. దాంట్లో మళ్ళీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. అక్కడ కమాండ్ ప్రాంప్ట్.”

“ఏదో బిట్‌లాకర్ కీ అడుగుతోందండీ. నా పాస్‌వర్డ్ తీసుకోవట్లేదు.”

“పాస్‌వర్డ్ కాదు మేడమ్. డిస్క్ మొత్తం తాళం వేసి ఉంటుంది. దాని కీ మా దగ్గరుంది. కీ ఐడీ అని కనిపిస్తుంది, మొదటి ఎనిమిది అక్షరాలు చెప్పండి.”

ఆమె చెప్పింది. అతను జాబితాలో వెతికాడు. దొరికింది.

“ఆరేసి అంకెలు, ఎనిమిదిసార్లు చెప్తాను. మీరు కొట్టినవి నాకు తిరిగి చదవండి. టూ త్రీ సెవెన్, త్రీ వన్ ఫోర్.”

“టూ త్రీ సెవెన్, త్రీ ఫోర్ వన్.”

“కాదు మేడమ్, చివర వన్ ఫోర్.”

ఈ కీని రూపొందించినవాళ్ళు ఇలాంటి పొరపాటు జరుగుతుందని ముందే ఊహించారు. ఆరంకెల ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. 237314 భాగింపబడుతుంది. పక్కపక్క అంకెలు తారుమారై 237341 అయితే శేషం మిగులుతుంది, అది చెల్లని గుంపని తేలిపోతుంది. ఫోన్‌లో గొంతులు కలగాపులగమైన ఆ రోజు ఆ చిన్న లెక్క ఎందరికో తోడు నిలిచింది.

నలభై ఎనిమిది అంకెలూ పూర్తయ్యాయి. నల్ల స్క్రీన్ వచ్చింది.

“సీ డ్రైవ్ అని లేదండీ. ఎక్స్ అని ఉంది.”

“భయపడకండి. ఎక్స్ అన్నది రికవరీ వాడుకునే తాత్కాలిక డ్రైవ్. సీ కొట్టి, పక్కన కోలన్ పెట్టి, ఎంటర్ చేయండి.”

ఆ తర్వాత అతను ఫోల్డర్ల దారి అక్షరం అక్షరం చెప్పాడు. విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, క్రౌడ్‌స్ట్రైక్. డిలీట్ కమాండ్ దగ్గర ఆగాడు.

“ఇప్పుడే ఎంటర్ కొట్టొద్దు. కొట్టిందంతా నాకు ఒకసారి చదవండి.”

“డీ ఈ ఎల్, స్పేస్, సీ, హైఫన్, ఐదు సున్నాలు, టూ నైన్ వన్, స్టార్, డాట్, ఎస్ వై ఎస్.”

“కరెక్ట్. ఇప్పుడు కొట్టండి.”

రీస్టార్ట్. గుర్తు. చుక్కలు. ఇద్దరూ మాట్లాడలేదు.

“లాగిన్ స్క్రీన్ వచ్చిందండీ! మరి నా ఫైల్స్?”

“అన్నీ ఉంటాయి మేడమ్. అవి ఎక్కడికీ పోలేదు.”

అతను ఫోన్ పెట్టేసి జాబితాలో తర్వాతి పేరు చూశాడు.

ఆ రికవరీ స్క్రీన్ ఎక్కడుంటుంది?

ఆ చివరి జవాబులోనే ఉంది అసలు సంగతి. లేవని కంప్యూటర్‌ను చూసి మనం ముందుగా అనుకునేది 'అంతా పోయింది' అనే. నిజానికి డిస్క్ మీద డేటా దాని చోటే ఉంది. దాని దగ్గరికి వెళ్ళే దారి మాత్రమే మూసుకుపోయింది. ఆ రోజు ఆమెను డిస్క్‌లోకి తీసుకెళ్ళింది రికవరీ పార్టిషన్ అనే చిన్న ముక్క. డ్రైవ్ అక్షరం ఉండదు, మై కంప్యూటర్‌లో కనిపించదు, సైజు కొన్ని వందల ఎంబీలు. ఇంటికి పెరటి గుమ్మం లాంటిది. వీధి తలుపు బిగుసుకుపోయినప్పుడే గుర్తుకొస్తుంది.

ఆ పార్టిషన్ ఆ ఏడాది వార్తల్లోకెక్కడం అది మొదటిసారి కాదు. ఆరు నెలల ముందు, 2024 జనవరి 9న, మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి కేబీ5034441 అనే అప్‌డేట్ విడుదల చేసింది. మెషీన్ చేతికి చిక్కినవాడు రికవరీ దారిలోంచి బిట్‌లాకర్ తాళాన్ని దాటిపోయే లోపం ఒకటి బయటపడింది, దాన్ని మూయడానికి ఆ అప్‌డేట్. ఇన్‌స్టాల్ కావాలంటే రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ ఉండాలి. చాలా కంప్యూటర్లలో అంత లేదు. 0ఎక్స్80070643 అనే ఎర్రర్ నంబర్ తప్ప అసలు కారణం స్క్రీన్ మీద కనిపించలేదు.

మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పరిష్కారం పార్టిషన్ సైజు చేత్తో మార్చుకోవడం. రికవరీని ఆపాలి. డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్ తెరిచి సీ డ్రైవ్‌ను 250 ఎంబీ కుదించాలి. పాత రికవరీ పార్టిషన్‌ను డిలీట్ చేయాలి. ఖాళీ అయిన జాగాలో పెద్దది సృష్టించి రికవరీని మళ్ళీ ఆన్ చేయాలి. డిస్క్‌పార్ట్ 'నిజంగా తీసేయమంటారా' అని అడగదు. డిలీట్ కమాండ్‌కు 'ఓవర్‌రైడ్' తగిలిస్తే రక్షణలో ఉన్న పార్టిషన్‌నూ క్షణంలో తీసేస్తుంది. పార్టిషన్ నంబరు తప్పుగా ఎంచుకుంటే డేటా ఉన్న వేరే పార్టిషనే పోవచ్చు.

దీనికి ఏళ్ళ ముందు నుంచీ ఇంకో అలవాటు ఉంది. సీ డ్రైవ్ నిండిపోతుంది. డిస్క్ మీద ఖాళీ జాగా ఉన్నా 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' పనిచేయదు. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డంగా ఉంటుంది. అదేమిటో తెలియక, ఎందుకూ పనికిరాదనుకుని తీసేస్తారు. సీ డ్రైవ్ పెరుగుతుంది, కంప్యూటర్ మామూలుగానే నడుస్తుంది. మళ్ళీ జూలై 19 లాంటి రోజు వచ్చేదాకా లోటు తెలియదు. అలాంటి యంత్రాలను బయటి నుంచి పెన్‌డ్రైవ్‌తో లేపాల్సిందే. జూలై 20న మైక్రోసాఫ్ట్ అలాంటి యూఎస్‌బీ రికవరీ టూల్‌ను విడుదల చేసింది.

సైజు మార్చాక లేవకపోతే

అప్‌డేట్ వల్ల పడిపోయిన కంప్యూటర్‌కూ, పార్టిషన్ సైజు మార్చాక లేవని కంప్యూటర్‌కూ కారణం వేరు. స్వభావం ఒకటే: ఎక్కువసార్లు డేటా ఉంటుంది, దారి పోతుంది.

కంప్యూటర్ లేచే క్రమం ఇది. పవర్ రాగానే మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ డిస్క్ మీద ఈఎఫ్ఐ పార్టిషన్ అనే చిన్న ముక్కలోని బూట్ ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. విండోస్ ఏ పార్టిషన్‌లో ఉందో ఆ ప్రోగ్రామ్ తన జాబితాలో చూస్తుంది. ఆ జాబితాలో పార్టిషన్‌కు ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య రాసి ఉంటుంది. పార్టిషన్‌ను కుదించినా పెంచినా సాధారణంగా ఆ సంఖ్య మారదు. డిలీట్ చేసి కొత్తగా సృష్టిస్తే మారిపోతుంది. జాబితాలో పాత సంఖ్య, డిస్క్ మీద కొత్త సంఖ్య. బూట్ ప్రోగ్రామ్ వెతికి వెతికి 0ఎక్స్‌సీ000000ఈ అనే ఎర్రర్‌తో ఆగిపోతుంది. లైనక్స్ కూడా ఉన్న మెషీన్‌లో 'గ్రబ్ రెస్క్యూ' అని నల్ల స్క్రీన్ మీద కర్సర్ మెరుస్తూ ఉంటుంది. విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో లేపి 'బీసీడీబూట్' కమాండ్‌తో జాబితాను తిరిగి రాయించడం, లైనక్స్ అయితే లైవ్ పెన్‌డ్రైవ్‌తో దాని బూట్ ప్రోగ్రామ్ గ్రబ్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం దీనికి మందు.

పార్టిషన్ల పట్టికే చెడిపోయినా ఆశ వదులుకోనక్కర్లేదు. ఇప్పటి డిస్కులు వాడే జీపీటీ పద్ధతిలో పట్టిక డిస్క్ మొదట్లో ఒకటి, చివర్లో నకలు ఒకటి ఉంటాయి. మొదటిది చెడితే నకలుతో నిలబెట్టవచ్చు. పట్టికలోంచి పోయిన పార్టిషన్లను డిస్క్ అంతా గాలించి పట్టుకునే టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. పార్టిషన్ మొదలయ్యే చోటునే జరిపేటప్పుడు డేటా మొత్తం డిస్క్ మీద కదులుతుంది. మధ్యలో కరెంటు పోతే, బ్యాటరీ అయిపోతే సగం అక్కడా సగం ఇక్కడా మిగిలిపోతుంది. మే నెల గాలివానకు కరెంటు పోయే ఊళ్ళో ఆ పని మొదలుపెట్టే ముందు ఛార్జింగ్ చూసుకోవాలి, బ్యాకప్ తీసుకోవాలి.

అంతకంటే పెద్ద ప్రమాదం మన కంగారు. లేవని కంప్యూటర్‌లో మళ్ళీ విండోస్ ఇన్‌స్టాల్ చేస్తాం. 'డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి' అని అడిగితే ఓకే అంటాం. చూసిన రిపేర్ సాఫ్ట్‌వేర్లన్నీ ఒకదాని వెంట ఒకటి నడిపిస్తాం. మొదటి పొరపాటు దారి మూస్తే, ఈ రెండో పొరపాటు డేటా మీద కొత్త డేటా రాస్తుంది. రాసిన తర్వాత పాతది తిరిగి రాదు. సైజు మార్చాక మెషీన్ లేవకపోతే చేయాల్సిన మొదటి పని దాని మీద ఏదీ రాయకుండా ఆపడం. రెండోది, పెన్‌డ్రైవ్‌తో లేపి ముఖ్యమైన ఫైల్స్ వేరే డిస్క్‌కు ఎక్కించుకోవడం. మరమ్మతు ఆ తర్వాతే.

లేచిన యంత్రాలు, మిగిలిన లెక్క

ఆ శుక్రవారం రాత్రి, శనివారం, బోనాల ఆదివారం కూడా రిపేర్లు సాగాయి. ప్రపంచవ్యాప్తంగా దెబ్బతిన్నవి దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. మొత్తం విండోస్ కంప్యూటర్లలో అది ఒక శాతం కూడా లేదు. ఆ కాస్తకే విమానాలు ఆగాయి, ఆస్పత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, టీవీ చానెళ్ళు మూగబోయాయి. జూలై 29 నాటికి దాదాపు 99 శాతం విండోస్ యంత్రాల్లో తన భద్రతా ప్రోగ్రామ్ తిరిగి ఆన్‌లైన్‌లోకి వచ్చిందని క్రౌడ్‌స్ట్రైక్ తెలిపింది.

వాటిలో ఎన్నో లేచింది మనుషుల చేతుల మీదుగా. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఈ సైబరాబాద్ కారిడార్ కోడ్ రాసేవాళ్ళ గొప్పతనం చెప్పుకుంటూ వచ్చింది. ఆ శుక్రవారం దాన్ని నిలబెట్టింది వేరేవాళ్ళు: కేబుల్ సంచి భుజాన వేసుకుని ఫ్లోర్ ఫ్లోర్ తిరిగే, ఫోన్‌లో గొంతు పెంచకుండా నలభై ఎనిమిది అంకెలు చదివే సపోర్ట్ సిబ్బంది. వాళ్ళలో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ చేతిలో కీల జాబితా సిద్ధంగా ఉన్న ఆఫీసుల్లో పని సాగింది. ఆ జాబితా ఉన్న సర్వరే పడిపోయిన చోట్ల తాళం చెవి తాళం వెనకే చిక్కుకుపోయింది. రెండింటి మధ్య తేడా సాంకేతిక ప్రతిభ కాదు, ముందు జాగ్రత్త.

ఆ జాగ్రత్త ఇంట్లోనూ సాధ్యమే. ఈ ఆదివారం కాస్త తీరిక చేసుకుని మీ కంప్యూటర్‌లో మూడు విషయాలు చూడండి. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఆర్, ఈ, ఏ, జీ, ఈ, ఎన్, టీ, సీ అక్షరాలు కలిపి రాసి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ఇన్ఫో కొట్టండి. స్టేటస్ దగ్గర 'ఎనేబుల్డ్' అని వస్తే రికవరీ దారి తెరిచే ఉంది. బిట్‌లాకర్ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో చూసి కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ బ్యాగ్‌లో కాకుండా బీరువాలో పెట్టండి. పార్టిషన్ జోలికి వెళ్ళే ముందు ఫైల్స్‌ను వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. ఈ మూడూ చేసినవాళ్ళకు కంప్యూటర్ లేవని రోజున పోయేది కాస్త సమయమే. చేయనివాళ్ళకు పిల్లల ఫొటోలు, ఏళ్ళ తరబడి చేసిన పని కూడా పోవచ్చు.